ఓబులమ్మ సీటుకు ఆనుకోలేదు

నమ్మకం ఉన్నవాళ్ళు తీర్థయాత్రలు చేస్తారు. నాకు ఉన్నది అనుమానం. దాన్నే వెంటబెట్టుకుని మొన్న ఏప్రిల్‌లో ఒమాన్ వెళ్ళొచ్చాను. అక్కడి సముద్రం, కోటలు ఎలా ఉంటాయో మీ ఫోన్లోనే కనబడతాయి కాబట్టి వాటి జోలికి ఎక్కువగా పోను. ఒక మనిషి వీపు గురించి రాస్తాను. నేను అంత దూరం వెళ్ళి చూసినవాటిలో చెప్పదగ్గది అదే.

మా అన్నయ్య కూతురు రాజేశ్వరి మస్కట్ శివార్లలోని ఘాలాలో ఒక గోదాముల కంపెనీలో లెక్కలు చూస్తుంది. "ఎండలు ముదరకముందే రా అత్తా, గులాబీలు పూసే కొండ చూపిస్తా" అని టికెట్ పంపింది. మా ఇంట్లో ఎవరూ ఊరికే టికెట్ పంపరు. విమానాశ్రయం నుంచి ఇంటికి వెళ్ళే దారిలోనే అసలు సంగతి బయటపడింది.

"ఓబులమ్మక్క ఆదివారం సూదికి వెళ్ళనంటోంది అత్తా. నా మాట వినట్లేదు. నువ్వయితే వాదించి ఒప్పిస్తావు."

ఓబులమ్మది కడప జిల్లా. నిజ్వాలో ఒక ఒమానీ ఇంట్లో చాలా ఏళ్ళుగా వంట చేస్తోంది. రాజేశ్వరి పురుడు పోసుకున్నప్పుడు సెలవు దొరికిన ప్రతిసారీ వచ్చి పథ్యం వండిపెట్టింది ఆమే. నిరుడు ఆమె కడుపు ఉబ్బింది. గ్యాసు అనుకుని వాము నమిలింది. తీరా చూస్తే అండాశయంలో క్యాన్సర్. ఆపరేషన్ అయింది, కీమో అయింది. ఇప్పుడు మూడు వారాలకోసారి సెలైన్‌లాగా ఒక మందు ఎక్కిస్తున్నారు. గడ్డ మళ్ళీ పెరగకుండా దానికి రక్తం అందనీయని మందట.

"ఖర్చు ఎవరు పెడుతున్నారు?" అన్నాను.

"యజమానురాలే."

"ఎందుకు?"

"ఎందుకేంటత్తా, మంచావిడ."

మంచితనం అనేది కారణంగా నేను ఒప్పుకునే జవాబు కాదు. గల్ఫ్ ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళ గురించి నేనే ఎన్నో వ్యాసాలు రాశాను. వంటమనిషికి అంత ఖరీదైన మందు కొనిపెట్టే యజమాని ఉంటే, ఆ మందు కొత్తదై, ఎవరి మీదైనా వాడి చూడాల్సినదై ఉండాలి. అలా ఒక అనుమానం మస్కట్ పొలిమేరలోనే నాతో కారెక్కింది.

మబేలా: డబ్బాలో సైన్యం

సాయంత్రం మబేలాకు వెళ్ళాం. అది మనవాళ్ళు కిక్కిరిసి ఉండే పేట. గోంగూర దొరుకుతుంది, నాలుగు రాష్ట్రాల బూతులు వినబడతాయి. నూరు బైసాలకు కరక్ టీ ఇస్తారు. పాలూ యాలకులూ చక్కెరా కలిపి టీ ఆకు మీద కక్ష తీర్చుకున్నట్టు మరిగించిన పానీయం అది. రెండు తాగాను.

ఓబులమ్మకు ఒక తెలుగు దుకాణం నుంచి నెలనెలా ఒక పొడి వెళుతోందని రాజేశ్వరి నోరు జారింది. ఆ దుకాణం చూపించమన్నాను. యజమాని రాజమండ్రి వైపు మనిషి. నవ్వు మొహం, నుదుట ఇంత బొట్టు.

"ఇమ్యూనిటీ పౌడరండి అమ్మగారూ. మన ఒంట్లో తెల్లకణాలని సైనికులుంటారండి. వాళ్ళకిది మేతండి. వాళ్ళకి బలమొస్తే ఎలాంటి గడ్డనైనా పీకి పారేస్తారండి. నలభై రోజులండి, గ్యారంటీ."

"నలభై రోజుల్లో గడ్డ కరక్కపోతే?"

"పథ్యం సరిగ్గా చెయ్యలేదని లెక్కండి."

"పథ్యం సరిగ్గా చేసినా కరక్కపోతే?"

"నమ్మకం చాలలేదని లెక్కండి."

చిన్నప్పుడు మా నాన్న నన్ను సంస్కరణ సభల్లో బల్లెక్కించి మాట్లాడించేవాడు. ఎదుటివాడి వాదాన్ని ముందు వాడికంటే బాగా చెప్పు, ఆ తర్వాత కూలగొట్టు అని నేర్పాడు. ఈ దుకాణదారు వాదాన్ని ఇంతకంటే బాగా చెప్పడం ఎవరి తరమూ కాదు. ఎటువైపు తోసినా పడకుండా అమర్చుకున్నాడు.

"చూడు నాయనా, నా సైనికులు అరవై రెండేళ్ళుగా పప్పన్నం తినే కాపలా కాస్తున్నారు. వాళ్ళకు నీ మెంతిపిండి అక్కర్లేదు" అన్నాను.

కరివేపాకు కట్టతో నా వెనక నిలబడ్డ కూలీ ఒకాయన పకపకా నవ్వాడు. "ఏం సేటూ, పెద్దమ్మ నీ ఫ్యాక్టరీ బందు వెట్టించేటట్టున్నది!"

దుకాణదారు నొచ్చుకోలేదు. "మీలాంటోళ్ళు కూడా ఆఖరికి ఇక్కడికే వస్తారండి" అన్నాడు మెత్తగా. సాక్ష్యం కోసం ఒక డబ్బా కొన్నాను. మూడు రియాళ్ళు. రియాలంటే వెయ్యి బైసాలు, ఆ సొమ్ముతో కరక్ టీ ముప్ఫైసార్లు తాగొచ్చు.

నిజ్వా: చాలని చెప్పడం

శుక్రవారం తెల్లవారగానే రాజన్న కారు తీశాడు. జగిత్యాల మనిషి, రాజేశ్వరికి తెలిసినవాడు. రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడు. శుక్ర, శనివారాలు అతనికి సెలవు. రాజేశ్వరికి ఆఫీసులో స్టాకు తనిఖీ ఉండడంతో నన్ను అతనికి అప్పజెప్పింది.

నిజ్వాలో శుక్రవారం మేకల సంత. మన సంతలో పశువు గుంజకు కట్టేసి ఉంటుంది, కొనేవాడు తిరుగుతాడు. ఇక్కడ అది తిరగబడింది. కొనేవాళ్ళు గుండ్రంగా రెండు వరసల్లో నిలబడతారు, అమ్మేవాళ్ళు మేకను పట్టుకుని మధ్యలో చుట్లు కొడుతూ ధర అరుస్తారు. కొనేవాడు చెయ్యెత్తి ఆపి, నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు, పొదుగు పిసుకుతాడు, నచ్చకపోతే పో అంటాడు. ఎవరూ ఎవరి మాటా నమ్మడం లేదు. నాకు ఎంతో హాయిగా అనిపించింది. మన ఆస్పత్రుల ముందూ ఆశ్రమాల ముందూ కూడా మనుషులు ఇలాగే నిలబడితే ఎంత బాగుండును!

"అమ్మా, గట్ల దగ్గరికి ఉరుకకుండ్రి, పొడుస్తది" అని రాజన్న అంటూనే ఉన్నాడు. ఒక మేకపోతు నా చీర కొంగు నోట్లో పెట్టుకుంది. లాక్కునేసరికి జానెడు అంచు దాని పాలైంది.

సంత నుంచి ఓబులమ్మ పనిచేసే ఇంటికి వెళ్ళాం. యజమానురాలి పేరు జువైనా. యాభై ఏళ్ళుంటాయి. సూటిగా చూస్తుంది, తక్కువ మాట్లాడుతుంది. హిందీ వచ్చు. ఓబులమ్మ ఆమెను "మామా" అని పిలుస్తుంది. అరబ్బీ ఇళ్ళలో ఇంటావిడను పనివాళ్ళు అలాగే పిలుస్తారు. చాప పరిచి, ఖర్జూరాలు పెట్టి, బొటనవేలంత పింగాణీ గిన్నెలో యాలకుల కాఫీ పోసింది. తాగాను. మళ్ళీ పోసింది. తాగాను. "చాలు" అన్నాను. మళ్ళీ పోసింది. ఆరోసారి ఓబులమ్మ వంటింటి గుమ్మంలోంచి కేకేసింది.

"అక్కా, నోటితో సెప్తే యినరు ఈళ్ళు. గిన్నె ఇట్ల అటూ ఇటూ ఊపల్ల. ల్యాకుంటే నీ కడుపు పగిలేదాకా పోస్తాది మామా!"

గిన్నె ఊపాను. వెంటనే ఆగింది. మన దగ్గర వద్దన్నా వడ్డించడమే మర్యాద. ఇక్కడ వద్దనడానికి ఒక సైగ ఉంది, దానికి తిరుగు లేదు.

ఓబులమ్మ సన్నగా, నల్లగా, పొడుగ్గా ఉంది. కీమోకు రాలిన జుట్టు మళ్ళీ పొట్టిపొట్టిగా మొలిచింది. వంటింట్లో బీట్‌రూట్ తురుముతోంది. పొయ్యి మీద మేక కార్జం వేగుతోంది.

"ఆదివారం ఎందుకు వెళ్ళవు?" అన్నాను సూటిగా.

"ఒచ్చీ రాంగనే మొదలు పెడితివే! రాజీ చెప్పింది గానీ ఇంత ఇదిగా ఉంటావనుకోలే. అక్కా, ఆ మందు ఏం సేస్తాదో నీకు తెల్సా?"

"నువ్వు చెప్పు."

"ఒంట్లో నెత్తురు పారకుండా ఆపుతాదంట. డాక్టరమ్మే సెప్పింది. నెత్తురు ల్యాకనే కదా ఆడది సచ్చేది? మాయమ్మ నెత్తురు ల్యాకనే పాయ. నేను సిన్నప్పటి నుంచి బెల్లం, నువ్వులు, కార్జం తిని నెత్తురు పట్టిచ్చుకుంటి. ఈళ్ళు దాన్ని ఆపే మందు ఎక్కిచ్చి, ముక్కులో నెత్తురు కారిస్తాండారు. బీపీ గూడా వచ్చె. నేను పోను పో."

ఎదుటివాడి వాదం ముందు బాగా చెప్పాలి కదా. మన పల్లెల్లో ఆడదానికి ఏ జబ్బు వచ్చినా మొదట వినే మాట రక్తం లేదనే. అది చాలాసార్లు నిజం కూడా. అలాంటి మనిషి చేతికి సూది గుచ్చి, ఇది రక్తం ఆపే మందు అని నాలుగు హిందీ ముక్కల్లో చెబితే పారిపోక ఏం చేస్తుంది? ఆమె వాదం ఇలా చెప్పుకున్నాక, దాన్ని కూలగొట్టడానికి నా దగ్గర ఏమీ లేదని తెలిసింది. ఆ మందు ఒళ్ళంతా వదిలి గడ్డకు మాత్రమే రక్తం ఎలా ఆపుతుందో నాకూ తెలియదు. పైగా దాని మీద నాకే అనుమానం. అందుకని పొడి డబ్బా తీసి ముందు పెట్టి అటువైపు గొడవ మొదలుపెట్టాను.

"ఇది మాత్రం తింటావు. కదూ?"

"అది సైనికులకక్కా" అంది ఓబులమ్మ, పసిదానికి చెప్పినట్టు.

కొండ మీద: మసి వాసన గులాబీ

ఆ రాత్రి నిజ్వాలోనే లాడ్జిలో దిగి, శనివారం మేం పచ్చకొండకు, వాళ్ళ జబల్ అఖ్దర్‌కు బయలుదేరాం. మేమంటే రాజన్నా నేనూ. కొండ మొదట్లో పోలీసులు ఆపారు. నాలుగు చక్రాలూ లాగే బండి అయితేనే పైకి పంపుతారట.

"నేను జెప్పిన గదమ్మా, మనది చిన్న బండి, మర్లుమంటరని. మీరే పోదాం పా అంటిరి" అన్నాడు రాజన్న. నిజమే, చెప్పాడు. నేను నమ్మలేదు.

ఆ మధ్యాహ్నం జువైనా తన పెద్ద బండిలో అదే కొండకు వెళుతోంది. వాళ్ళ మేనమామ గ్రామం అక్కడే. గులాబీలు కోసే రోజులు, ఓబులమ్మకు ఆ వాసన ఇష్టమని తీసుకెళుతోందట. దారిలో మమ్మల్నీ ఎక్కించుకుంది. నేను ముందు సీట్లో, ఓబులమ్మా రాజన్నా వెనక.

దారి పాములా మెలికలు తిరుగుతూ పైకి లేచింది. ఎండకు కళ్ళకు అడ్డంగా దించుకునే రేకు వెనక చిన్న అద్దం ఉంది. అందులో ఓబులమ్మ కనబడుతోంది. వెనక్కి ఆనుకోలేదు. మలుపు మలుపుకూ ఒళ్ళు ఊగుతున్నా నా సీటును రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగే కూర్చుంది.

"అక్కా, జర ఆనుకో. సీటు కరుస్తదా ఏంది?" అన్నాడు రాజన్న.

"నీకేం తెల్సు, నేను దోవ సూస్తాండా."

ఏటా గులాబీలకు వచ్చే దోవ, ఆమెకు కొత్తది కాదు. నా రెండో అనుమానం అక్కడ తలెత్తింది.

పైన చల్లగా ఉంది. మెట్లు మెట్లుగా కట్టిన మళ్ళల్లో గులాబీ పొదలు. ఒక చీకటి గదిలో మట్టి పొయ్యిల వరస. కుండల్లో రేకలు పోసి, లోపల చిన్న గిన్నె దించి, పైన చన్నీళ్ళ రాగిపాత్ర మూతగా పెడతారు. ఆవిరి చుక్కలై గిన్నెలోకి దిగుతుంది. ఆ పన్నీరుకు పూల వాసనతోపాటు మసి వాసన కూడా ఉంటుంది. పెళ్ళిపందిట్లో మన మీద చల్లే పన్నీరు ఈ రెంటిలో ఒకటి దాచిపెడుతుందని అప్పుడు తెలిసింది.

రేకల బుట్ట అందుకోవడానికి ఓబులమ్మ వంగింది. ఆమె కమీజు వెనక, భుజాల మధ్య, రూపాయి బిళ్ళంత తడి మచ్చలు. ఒకటి కాదు. ఎర్రగా, కాస్త పసుపుగా.

"అదేమిటి వీపు మీద?"

"పన్నీరు ఒలికిందిలే అక్కా" అంది, గోడవైపు తిరిగి నిలబడి.

పన్నీరుకు రంగుండదు. వీపు మీద దెబ్బలున్న మనిషి ఎలా కూర్చుంటుందో నేను చూశాను, దాని గురించి రాశాను కూడా. మందు ఖర్చు పెట్టే మంచావిడ, దెబ్బలు దాచుకునే వంటమనిషి. లెక్క కుదిరిపోయింది. ఆ ఊళ్ళో నీళ్ళు పారే సన్నటి రాతి కాలువ పక్కన జువైనా చేతులు కడుక్కుంటోంది. వెళ్ళి హిందీలో అడిగాను.

"ఆమెను ఎవరు కొట్టారు?"

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం రాయిలా అయింది.

"నా ఇంట్లో కాఫీ తాగావు. ఆ నోటితోనే అడుగుతున్నావా?"

"తాగాను. అయినా అడుగుతున్నాను."

రాజన్న నెత్తి పట్టుకున్నాడు. "అమ్మా, నా వీసా ఇంకా రెండేండ్లున్నది. జర సూడుండ్రి" అన్నాడు.

జువైనా నా మణికట్టు పట్టుకుని మేనమామ ఇంటి లోపలి గదిలోకి లాక్కెళ్ళింది. ఓబులమ్మను కూడా పిలిచి తలుపు గడియ పెట్టింది. తర్వాత ఆమె చేసిన పని నేను ఊహించనిది. నాకు వీపు తిప్పి, తన గౌను భుజాల మీంచి కిందకు జార్చింది.

రెండు వీపులు

ఆ తెల్లటి వీపు మీద ఏడు గుండ్రటి నీడలున్నాయి. గోధుమరంగులో, గ్లాసు మూతి అచ్చుగుద్దినట్టు. ఒక్కో గుండ్రంలో వెంట్రుకవాసి గీతలు. అన్నీ ఎండిపోయాయి, మాని చాలా రోజులైనట్టు.

"హిజామా," అంది. గ్లాసులు బోర్లించి, చర్మం ఉబ్బాక సన్నగా గాట్లు పెట్టి రక్తం లాగే వైద్యం. వీళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. చెడురక్తం పోతుందని నమ్మకం. "పదిహేను రోజుల కిందట. ఇద్దరం పక్కపక్కన పడుకున్నాం. ఒకే మనిషి చేసింది. ఇప్పుడు దాని వీపు చూడు."

ఓబులమ్మ గొణుక్కుంటూనే కమీజు ఎత్తింది. అవే ఏడు గుండ్రాలు, అవే చోట్ల. కానీ ప్రతి గీతా విచ్చుకునే ఉంది. రెండు చోట్ల చీము పట్టింది. మిగిలినవి నిన్న గీసినట్టు తడిగా ఉన్నాయి.

జువైనా ఆమెను కొట్టలేదు. తను చేయించుకున్న మంచినే ఆమెకూ చేయించింది.

"ఓబులమ్మా, ఒకవైపు కార్జం తిని రక్తం పెంచుకుంటూ, ఇంకోవైపు గాట్లు పెట్టించుకుని తీయించుకున్నావా?"

"మంచి నెత్తురు పెంచుకుంటి, సెడ్డ నెత్తురు తీపిచ్చుకుంటి. దాంట్లో తప్పేముందబ్బా?" అంది. అంతలోనే గొంతు తగ్గించి, "సూసినావు కదా, మామాకు మానె, నాకు మానలే. ఆ మందు నా నెత్తురు తాగుతాంది. అందుకే పోనంటాండేది" అంది.

ఇది దిష్టి అని జువైనా ఉద్దేశం. పక్కింటావిడ చూసిందట. ముగ్గురం ఒకే పుండు వైపు చూస్తూ ముగ్గురం మూడు చోట్ల నేరస్థుణ్ణి వెతికాం. నేను వెతికిన చోట ఎవరూ లేరని మాత్రం తేలిపోయింది. "తప్పుగా అనుకున్నాను," అన్నాను. జువైనా గౌను సర్దుకుని తలుపు గడియ తీసింది. ఆ సాయంత్రం అందరికీ కాఫీ పోసింది. నా గిన్నెలోకి నేనే పోసుకున్నాను.

నిజ్వాకు దిగాక ఓబులమ్మ నన్ను పక్కకు లాగింది. "నీ పోరు పడల్యాక రేపు వస్తా. డాక్టరమ్మ మొగం మీదనే వద్దని సెప్పి వస్తా. వీపు సంగతి మాత్రం ఎత్తగాకు. మామాను తిడతారు."

"ఎత్తుతాను."

"అయితే నేను రాను."

"రాకపోతే డాక్టర్ని ఇక్కడికే పిలిపిస్తాను."

"నువ్వేమన్నా పోలీసా అక్కా?"

"అంతకంటే చెడ్డదాన్ని."

మస్కట్: దొంగ తోట

ఆదివారం రాజన్నకు డ్యూటీ, ముందురాత్రే వెళ్ళిపోయాడు. జువైనాయే మమ్మల్ని మస్కట్ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. దారంతా ఓబులమ్మ ముందుకు వంగే కూర్చుంది. 

డాక్టరమ్మ ఒమానీయే. బెంగళూరులో చదువుకుందట. నాతో ఇంగ్లీషు, జువైనాతో అరబ్బీ. ఓబులమ్మకు వచ్చింది వంటింటి అరబ్బీయే కాబట్టి ఆమెకు నేను తెలుగు చేస్తున్నాను. "ఎలా ఉన్నావు, కొత్తగా ఏమైనా ఇబ్బందులున్నాయా" అని అడిగింది. ఓబులమ్మ నా వైపు ఒక చూపు విసిరి, అంతా బాగుందంది. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు జువైనా మాట్లాడింది. అరబ్బీ నాకు రాదు. అందులో హిజామా అన్న మాట వినబడింది, ఆమె తన గుండె మీద చెయ్యి పెట్టుకోవడం కనబడింది. నేను చేయించాను అంటోంది. ఎవరినైతే నేను ముందురోజు దోషిగా నిలబెట్టానో ఆ మనిషే, ఎవరూ అడక్కుండానే, తిట్లు తన మీద వేయించుకుంది.

డాక్టరమ్మ గాయాలు చూసింది. చేతులు కడుక్కుని వచ్చింది. నేను ఊరుకోలేక రెండు వీపుల సంగతి చెప్పాను. ఒకే రోజు, ఒకే చెయ్యి, ఒకరికి మందుంది, ఇంకొకరికి లేదు, ఇంతకంటే ఋజువేం కావాలి అన్నాను కాస్త గర్వంగానే.

"ఇద్దరు మనుషులు ఋజువు కారు" అందామె. "ఈమెకు ఈమధ్య షుగర్ ఏమైనా వచ్చిందేమో చూపించారా?"

చూపించలేదు. నర్సు వేలు గుచ్చి చూసింది. కొంచెం ఉంది. "అది కూడా తోడై ఉండొచ్చు. కానీ మందు పాత్ర ఉందనే నా అనుమానం" అంది. అనుమానం అన్న మాట వాడిన డాక్టర్‌ను నేను మొదటిసారి చూశాను. కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

ఆమెది కాలువ నీళ్ళ మీద బతికే లోపలి గ్రామమట. అందుకేనేమో ఆ భాషలోనే చెప్పింది. "ఈ గడ్డ దొంగ తోట లాంటిది. దానికి నీటి వంతు లేదు. చిన్నగా ఉన్నంతకాలం ఊటతో బతుకుతుంది. పెరగాలంటే కాలువ కావాలి. ఒళ్ళు తన కాపలాదార్లను అక్కడికి పంపుతుంది, తెల్లకణాలను. వాళ్ళలో కొందరు నిజంగానే పోరాడతారు. కొందరు మాత్రం ఆ తోటలో అడుగుపెట్టాక దాని మాట వినడం మొదలుపెడతారు. పోరాడేవాళ్ళ చేతులు పట్టుకుంటారు. దొంగకు పార అందిస్తారు. ఇటు కాలువ తవ్వండని దొంగతోపాటు కేక కూడా వేస్తారు. ఆ కేక విని దగ్గరున్న రక్తనాళాలు కొత్త కొమ్మలు వేస్తాయి."

తెలుగులో చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. మబేలా దుకాణంలో నేను ఆ పొడిని అనుమానించాను, గ్యారంటీని అనుమానించాను, దుకాణదారు బొట్టును కూడా అనుమానించాను. సైనికులు మనవైపే ఉంటారన్న మాటను మాత్రం మారు మాట్లాడకుండా మింగేశాను. నా సైనికులు పప్పన్నం తింటారని డంబాలు కూడా పలికాను.

"ఏందక్కా నిలబడిపోతివి? ఏమంటాంది?"

"మీ ఊళ్ళో చెరువు నీళ్ళు పంచే నీరుగంటి ఉంటాడు కదా, ఓబులమ్మా. వాడే దొంగతో కలిసి వాడి చేలోకి మడవ తీశాడనుకో."

ఓబులమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. "అట్లాటోడు మా ఊళ్ళో ఉండె" అంది. "మరి ఆ పొడి ఎవుడు తింటాండాడు? మంచోడా, ఆ దొంగనాయాలా?"

అడిగాను. తెలియదంది డాక్టరమ్మ. "ఎవరికి మేత అవుతుందో, అసలు అవుతుందో లేదో తెలియనిదాన్ని నేను తినమనను. తీసుకురండి, పరీక్షకు పంపిస్తా."

"సరే, మందేం సేస్తాది?"

"కేకను దారిలోనే పట్టేస్తుంది. నాళాలకు వినబడనీయదు. నీ ఒంట్లో పాత కాలువలు అలాగే పారుతుంటాయి. నీ రక్తాన్ని అది తాగదు. కానీ పుండు మానాలన్నా అక్కడ కొత్త నాళాలు పుట్టాలి. పుండు కూడా అదే కేక వేస్తుంది. మందుకు రెండు కేకలూ ఒకటే."

ఓబులమ్మ చేతి మీది పాత సూది గుర్తు తడుముకుంది. "నయమైపోతాదా?"

ఇది తెలుగు నుంచి ఇంగ్లీషుకు మార్చడానికి నాకు కాస్త సమయం పట్టింది. డాక్టరమ్మ సూటిగా ఓబులమ్మనే చూస్తూ చెప్పింది. "వేళ్ళతో సహా పీకదు. పెరగడాన్ని వెనక్కి నెడుతుంది. ఎన్నాళ్ళో నేను చెప్పలేను."

మందు మీద నా అనుమానం సడలింది అక్కడే. అబద్ధం అమ్మేవాడు గడువు చెబుతాడు. నలభై రోజులంటాడు.

"సరేలే," అంది ఓబులమ్మ నిట్టూర్చి. "అయినా ఈ పొద్దు నాకు వద్దని సెప్పు."

చెప్పక్కర్లేకపోయింది. ఆలోపే డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టేసింది. "ఈ రోజు ఎక్కించను. గాయాలు పూర్తిగా మూసుకోవాలి. ఇప్పుడిస్తే ప్రమాదం. చీముకు మందు రాస్తాను. మానాక నేనే చూసి అప్పుడు మొదలుపెడతాను."

తెలుగులో చెప్పాను. ఓబులమ్మ కుర్చీలో నా వైపు తిరిగింది.

"ఈళ్ళే వద్దంటాండారా?"

"అవును."

"అంత కరీదు మందు, ఈళ్ళే వద్దంటాండారా?"

"అవునే తల్లీ."

"నేను వద్దనల్లని వస్తే ఈళ్ళే వద్దనిరే!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "అయితే నిజమే సెప్తాండారక్కా. అమ్ముకునేటోడు వద్దనడు కదా."

నా వాదాలేవీ చేయలేనిది ఆ ఒక్క తిరస్కారం చేసింది. నిజ్వా సంతలో పళ్ళు చూసి పో అన్నవాడు గుర్తొచ్చాడు.

బయట కార్లు నిలిపే చోట జువైనా డిక్కీ తెరిచి, ఫ్లాస్కు తీసి మూడు గిన్నెల్లో కాఫీ పోసింది. నాకు తనే అందించింది. తాగి, జాగ్రత్తగా గిన్నెను అటూ ఇటూ ఊపాను.

"ఇంకోటి తాగు" అంది హిందీలో. "నీ కడుపులో ఇంకా చోటుంది. అనుమానాలు కొన్ని ఖాళీ అయ్యాయి కదా."

మత్రా, తర్వాత

తిరిగొచ్చే ముందురోజు మస్కట్‌లోనే ఉన్న మత్రా బజారులో సాంబ్రాణి కొన్నాను. ఆకుపచ్చగా ఉన్నదే మేలురకమని దుకాణదారు చెప్పాడు. పక్క దుకాణదారు తెల్లదే మేలురకమన్నాడు. ఇద్దరి దగ్గరా కొంచెం కొంచెం తీసుకున్నాను. రెండూ మా ఇంట్లో సీసాల్లో ఉన్నాయి. దేవుడికి కాదు, దోమలకు వేసి చూస్తున్నాను. ప్రస్తుతానికి దోమలే గెలుస్తున్నాయి.

ఓబులమ్మ గాయాలు మానకముందే నేను తిరిగొచ్చాను. నేను ఒప్పించింది ఎంత, ఒక గదిలో కాసేపు కలిగిన నమ్మకం ఎంత, తేలలేదు. మళ్ళీ ముక్కులోంచి రక్తం వస్తే? పక్కింటావిడ మళ్ళీ ఏదో అంటే? మబేలా డబ్బా మళ్ళీ వస్తే? రోజూ ఫోన్ తీసి చూసేదాన్ని. రాజేశ్వరికి విసుగొచ్చింది. "అత్తా, ఆ మనిషిని నమ్ము" అంది. నమ్మడం నాకెక్కడ చేతనవుతుంది?

ఒకరోజు పొద్దున ఓబులమ్మ ఫోన్ నుంచి ఫొటో వచ్చింది. ఒక వీపు. ఏడు గుండ్రటి నీడలు, అన్నీ ఎండిపోయి, ఒక్క గీత కూడా విచ్చుకోకుండా. కింద ఏమీ రాయలేదు.

పెద్దది చేసి చూశాను. వెలుతురు సరిగ్గా లేదు. రంగు తెల్లో నలుపో తెలియడం లేదు. మూడుసార్లు చూసి, ఇక ఆపుకోలేక రాశాను: "ఇది నీ వీపా, మీ మామా వీపా?"

 మధ్యాహ్నం ఇంకో ఫొటో వచ్చింది. ఆస్పత్రి కుర్చీ. ఓబులమ్మ మొహం నిండా కోపం నటిస్తూ ఫోన్‌లోకి చూస్తోంది. ఒక చేతికి సూది, పైనుంచి గొట్టం దిగుతోంది. దాని వెంబడే వాయిస్ మెసేజ్‌లో ఆమె గొంతు, వెనక జువైనా నవ్వు.

"నీ అనుమానం కాలిపోను! ఇది మొగం, ఇది సెయ్యి, ఇది సూది. మందు ఎక్కతాంది. ఇంగన్నా నమ్ముతావా?"

ఫొటో మళ్ళీ చూశాను. ఓబులమ్మ కుర్చీకి పూర్తిగా ఆనుకుని కూర్చుంది.